ఒక జిల్లా, మూడు దస్తర్‌ఖాన్లు

ఈసారి రంజాన్ పండుగ మరుసటి రోజు, అంటే మా ఇళ్లలో బాసీ ఈద్ అనే రోజు, ఫజర్ నమాజ్ కాగానే కారు తీశాం. ముందు సీట్లో అమ్మీ. వెనక మా బేగం, తొమ్మిదో తరగతి చదివే బిడ్డ, ఏడేళ్ల కొడుకు. వాళ్ల కాళ్ల మధ్య షీర్ ఖుర్మా ఫ్లాస్కు, సేవయ్యల డబ్బాలు, ముగ్గురు పెద్దవాళ్లకు మూడు జోళ్ల బట్టలు. మొదట జహీరాబాద్‌లో ఖాలా ఇల్లు, తర్వాత బీదర్‌లో మామూ ఇల్లు, చివరికి ఉద్గీర్‌లో అమ్మీకి ఫుప్పీ అయ్యే ముసలావిడ ఇల్లు. నేను ఆవిడను నానీ అనే పిలుస్తాను. మా నానాకు చెల్లెలు. ఎనభై ఐదు దాటాయి.

ఉద్గీర్ పోదామని అమ్మీ రెండేళ్ల నుంచీ అంటోంది. నాకేమో పత్రికలో సెలవు దొరకదు. దొరికితే పిల్లలకు పరీక్షలు. ఈసారి మాత్రం చాంద్ రాత్ నాడే తేల్చేసింది. "మనిషి ఉన్నప్పుడు పోవాలె రా. మిట్టీకి పోతే ఎవరితో మాట్లాడుతం?"

సంగారెడ్డి దాటుతుండగా నా బిడ్డ ఫోన్‌లో మ్యాప్ చూస్తూ ఒక సవాల్ వేసింది. "అబ్బా, మన చుట్టాలు మూడు స్టేట్స్‌లోకి ఎందుకు పోయారు? పనుల కోసమా?"

అమ్మీ వెనక్కి తిరిగి నవ్వింది. "ఎక్కడికీ పోలేదు బేటీ. మా పెళ్లిళ్లన్నీ ఒక్క జిల్లాలోనే అయినయి."

నిజమే. 1956 అక్టోబర్ 31 రాత్రి దాకా జహీరాబాద్, బీదర్, ఉద్గీర్ మూడూ ఒకే జిల్లా. జిల్లా పేరు బీదర్. రాష్ట్రం పేరు హైదరాబాద్. మరునాడు తెల్లారేసరికి జహీరాబాద్ ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, బీదర్ మైసూరులో ఉంది, ఉద్గీర్ బొంబాయి రాష్ట్రంలో ఉంది. మా వాళ్లు మాత్రం ఎవరి ఇంట్లో వాళ్లు పడుకుని లేచారు.

ఈ తారీఖ్‌ను బడిలో నాకు ఎవరూ చెప్పలేదు. ఉర్దూ మీడియంలో చదివినప్పుడు బహమనీల గురించి చెప్పారు. తెలుగు డిగ్రీలో విశాలాంధ్ర గురించి చదివాను. ఈ రెంటి మధ్యలో మా ఇల్లు ఎక్కడుందో ఏ కితాబులోనూ కనపడలేదు. ఈ ప్రయాణంలో చూసిందీ విన్నదీ, ఇదివరకే చదివి ఉన్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మొదట మేం పోయిన సడక్ సంగతి. ఇవాళ దీన్ని 65వ నంబరు జాతీయ రహదారి అంటున్నారు. మొన్న మొన్నటిదాకా 9వ నంబరు. పాతవాళ్లు షోలాపూర్ సడక్ అంటారు. పటాన్‌చెరు, సంగారెడ్డి చౌరస్తా, సదాశివపేట, జహీరాబాద్, హుమ్నాబాద్, ఉమర్గా, నల్‌దుర్గ్, షోలాపూర్. నిజాం రియాసత్‌కు పడమటి దర్వాజా ఇదే. పండుగలకు, పెళ్లిళ్లకు, ఉర్సులకు మా ఖాందాన్ తిరిగిన బాట కూడా ఇదే. నానా చిన్నప్పుడు ఎడ్లబండి. తర్వాత సర్కారీ బస్సు. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే వాళ్లు రోడ్డు రవాణా విభాగం మొదలుపెట్టారు. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఇవాళ మనం ఎక్కే ఆర్టీసీకి అదే బిస్మిల్లా. 1951లో అది రైల్వే నుంచి విడిపోయి హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వ శాఖ అయింది. 1956లో రాష్ట్రంతో పాటు అదీ ముక్కలైంది. మరాఠ్వాడా వైపుది బొంబాయి రాష్ట్రానికి, కన్నడ జిల్లాలది మైసూరుకు, మిగిలింది ఆంధ్రప్రదేశ్‌కు. 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ పుట్టింది. ఖాలా ఇప్పటికీ ఒక మాట చెబుతుంది. తన పెళ్లయిన కొత్తలో బీదర్ మైకాకు పోవాలంటే ఏ రాష్ట్రం బస్సు ముందొస్తే అది ఎక్కేదట. టికెట్ మీద ఏ లిపి ఉందో చూసేది కాదట. చూసినా చదవలేదు కదా.

సంగారెడ్డి దాటాక కుడి పక్కకు ఒక దారి జోగిపేట మీదుగా నాందేడ్ వైపు పోతుంది. అక్కడ కారు కొంచెం నెమ్మది చేసి బిడ్డకు చెప్పాను. 1930లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది ఆ జోగిపేటలోనే. దానికి అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. మా పత్రికల వాళ్లకు ఆయన బుజుర్గ్. 1926లో గోలకొండ పత్రిక పెట్టినవాడు.

ఇది ఎందుకు చెప్పానంటే, మా ఇళ్లలో తరచుగా ఒక మాట వినపడుతుంది. పాత హైదరాబాద్‌లో అంతా బాగుండేది, అందరూ పాలూ చక్కెరలా కలిసుండేవారు అని. సగం సచ్. ఆ రియాసత్‌లో తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడేవాళ్లే ఎక్కువ. కానీ కచేరీ భాష ఉర్దూ. అదాలత్ భాష ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో డాక్టరీ దాకా ఉర్దూలో చెప్పారు. ఒక హిందుస్తానీ జబాన్‌లో అంత పెద్ద చదువు చెప్పడం గొప్ప సంగతే, నేనెప్పుడూ ఫఖ్ర్‌గానే చెప్పుకుంటాను. కానీ జోగిపేట రైతు కోణం నుంచి చూడండి. తన భూమి పహాణీ తను చదవలేడు. తన మీద పడ్డ దావా ఏమిటో వకీల్ చెప్పేదాకా తెలియదు. ఆ రైతు తన భాష కోసం అడిగితే అందులో తప్పేముంది? భాషా రాష్ట్రాల వెనక ఈ ఇన్సాఫ్ కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి మా గమ్ మాత్రమే చెప్పుకుంటే అది తారీఖ్ అనిపించుకోదు.

జహీరాబాద్ చేరేసరికి ఎనిమిదిన్నర. నేల అప్పటికే ఎర్రబడింది. హైదరాబాద్ బండరాళ్లు పోయి, గేరు రంగు మట్టి, చెరకు తోటలు, అల్లం చేలు. ఈ ఎర్రమట్టి బీదర్ దాకా పోతుంది. మట్టికి రాష్ట్రాల సంగతి తెలియదు. ఖాలా గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఇత్తీ దేర్?" అని గదమాయిస్తూనే అమ్మీని వాటేసుకుంది. దస్తర్‌ఖాన్ పరిచింది. ఖిచిడీ, ఖీమా, ఖట్టా. ఇది మా హైదరాబాదీ నాష్తా. పక్కనే జొన్నరొట్టె, పల్లీల పొడి. అది ఇక్కడి ఊరి నాష్తా. రెండూ తిన్నాం. ఖాలా కొడుకులు తెలుగు మీడియంలో చదివారు. పెద్దవాడికి ట్రాక్టర్ స్పేర్ పార్ట్స్ దుకాణం. వాడి తెలుగు నా తెలుగు కంటే సాఫ్‌గా ఉంటుంది. డిగ్రీ చదివింది నేను, భాష అబ్బింది వాడికి.

జహీరాబాద్ నుంచి బీదర్‌కు సుమారు 30 కిలోమీటర్లు. సరిహద్దు దగ్గర ఒక బోర్డు తప్ప మరేం లేదు. బోర్డు దాటగానే మా బిడ్డ కన్నడ అక్షరాలు కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది. తెలుగు వచ్చినవాళ్లకు అది పెద్ద ముష్కిల్ కాదు. తలకట్టు దగ్గర తేడా, అంతే. "అబ్బా, ఇది కొంచెం డిజైన్ మార్చిన తెలుగు" అంది. కన్నడ దోస్తులు మన్నించాలి.

బీదర్ గురించి ఎంత రాసినా తక్కువే. అహ్మద్ షా వలీ గుల్బర్గా నుంచి బహమనీ రాజధానిని ఇక్కడికి తెచ్చి ఇంచుమించు ఆరు వందల ఏళ్లు. ఊరి నడుమ మహమూద్ గవాన్ మదర్సా ఉంది. గవాన్ ఈరాన్‌లోని గీలాన్ నుంచి తిజారత్ కోసం వచ్చి, వజీర్ అయి, 1472లో ఈ మదర్సా కట్టించాడు. గోడల మీద నీలం, పసుపు, ఆకుపచ్చ పలకలు ఇంకా కొన్ని మిగిలాయి. దుష్మన్‌లు ఆయన మోహరుతో నకిలీ ఖత్ పుట్టించి సుల్తాన్‌కు చూపించారు. 1481లో సుల్తాన్ ఆయన తల తీయించాడు. ఒక దొంగ కాగితం ఒక సల్తనత్‌ను ఎట్లా కూల్చగలదో నా వృత్తిలో ఉన్నవాళ్లు ఇక్కడికొచ్చి నేర్చుకోవాలి. గవాన్ పోయాక బహమనీ రాజ్యం ఎక్కువ కాలం నిలబడలేదు, ఐదు ముక్కలైంది.

ఊరి బయట అష్టూర్‌లో అహ్మద్ షా వలీ గుంబద్ ఉంది. ముస్లింలు ఆయన్ని వలీ అంటారు. లింగాయతులు అల్లమప్రభు అంటారు. ఏటా ఉర్సుకు ఒక జంగమయ్య ఊరేగింపుగా రావడం ఆనవాయితీ. శంఖం ఊదుతారు, ఫాతెహా చదువుతారు. మామూ ఇది చెబుతూ ఒక మాట అన్నాడు. "ఈ గుంబద్‌ను ఎవరూ మూడు ముక్కలు చేయలేదు చూడు."

మామూకు డెబ్భై నాలుగు. చూపు తగ్గింది. ఆయనే ఆ మధ్యాహ్నం అల్మారీ మీది నుంచి ఒక పాత ట్రంకు దించమన్నాడు. లోపల నానా బయాజ్. అంటే చేతిరాత పుస్తకం. నల్ల అట్ట, అంచులు చెదలు కొట్టేసి ఉన్నాయి. నానా బీదర్ కలెక్టర్ కచేరీలో అహల్కార్. నిజాం జమానాలో నౌకరీలో చేరాడు. 1956 తర్వాత మైసూరు సర్కారు ఉద్యోగి అయ్యాడు. ముప్పై ఏళ్లు దాటాక కన్నడ అక్షరాలు దిద్ది, పరీక్ష పాసై నౌకరీ నిలబెట్టుకున్నాడు. పగలు కచేరీలో కన్నడ రాసేవాడు. రాత్రి ఇంటికొచ్చి ఈ బయాజ్‌లో ఉర్దూ రాసుకునేవాడు.

మామూ కొడుకు కన్నడ మీడియం, ఇంజనీరు. మంచివాడు. వాడు నిజాయితీగా చెప్పాడు. "భాయ్‌జాన్, పోయిన ఏడు సున్నం వేయించినప్పుడు దీన్ని కబాడీకి వేద్దామనుకున్నా. మాలో ఎవరికీ చదవరాదు. అబ్బాకు కండ్లు లేవు. మీకు పనికొస్తే తీసుకోండి."

మా బిడ్డ బయాజ్ తెరిచి చూసింది. తలకిందులుగా పట్టుకుంది. నా గుండె కలుక్కుమంది, కానీ ఆ తప్పు ఎవరిది? ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం, అలిఫ్ బే నేర్పించలేదు. ఖురాన్ అరబీలో చదువుతుంది. తెలుగు చదువుతుంది, ఇంగ్లీష్ చదువుతుంది, హిందీ చదువుతుంది. కన్నడ బోర్డులు చదివేసింది. ఉద్గీర్ పోతే మరాఠీ బోర్డులు కూడా చదువుతుంది, హిందీ లిపే కదా. మూడు రాష్ట్రాల లిపులు వచ్చిన పిల్లకు ముత్తాత చేతిరాత మాత్రం రాదు. నేను ఉర్దూ మీడియంలో చదివినందుకు చిన్నప్పుడు చాలామంది జాలిపడ్డారు. ఆ రోజు ఆ గదిలో ఆ పుస్తకం చదవగలిగినవాణ్ని నేనొక్కణ్నే.

బయాజ్‌లో కవిత్వం ఉంటుందనుకున్నాను. లేదు. చుట్టాల జాబితా ఉంది. ఎవరు ఎక్కడ పుట్టారు, ఎవరికి ఎవరితో నిఖా, మెహర్ ఎంత, ఎవరు ఎప్పుడు పోయారు. ప్రతి పేరు పక్కనా ఊరు, తాలూకా. ఆ పైన అన్నిటికీ ఒకటే మాట: జిల్లా బీదర్. జహీరాబాద్, జిల్లా బీదర్. ఉద్గీర్, జిల్లా బీదర్. భాల్కి, జిల్లా బీదర్. 1956 తర్వాత రాసిన పేజీల్లో కూడా నానా అట్లాగే రాస్తూ పోయాడు. సర్కారీ కాగితాల మీద రోజూ కొత్త జిల్లాల పేర్లు రాసిన మనిషే.

ఆ జిల్లా ఎట్లా విడిపోయిందో కొంచెం తఫ్సీల్‌గా చెప్పుకుందాం. 1953 డిసెంబర్‌లో కేంద్రం రాష్ట్రాల పునర్విభజన సంఘాన్ని వేసింది. ఫజల్ అలీ, హృదయనాథ్ కుంజ్రూ, కె.ఎం. పణిక్కర్. 1955 సెప్టెంబర్ 30న వాళ్లు నివేదిక ఇచ్చారు. తెలంగాణను కొంతకాలం హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచాలని వాళ్లు చెప్పిన సంగతి మన దగ్గర అందరికీ తెలుసు. 2014 దాకా ఆ మాటే కదా జెండా అయింది. కానీ ఆ సిఫారసులో ఇంకో మాట ఉంది. అది మనం మరిచిపోయాం. ఆ హైదరాబాద్ రాష్ట్రంలో తెలుగు జిల్లాలతో పాటు బీదర్ జిల్లాను కూడా ఉంచాలన్నారు. బీదర్‌లో మరాఠీ, కన్నడ, తెలుగు, ఉర్దూ నాలుగూ ఉన్నాయి. ఏ ఒక్క భాషా సగానికి చేరలేదు. ఆ జిల్లా ఎవరిదని చెప్పడం కష్టం కాబట్టి దాన్ని హైదరాబాద్‌తోనే ఉంచమన్నారు.

ఆ మాట నిలవలేదు. 1956 పునర్విభజన చట్టం బీదర్‌ను తాలూకాలుగా పంచింది. ఉద్గీర్, అహ్మద్‌పూర్, నిలంగా తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి పోయి ఉస్మానాబాద్ జిల్లాలో కలిశాయి. నారాయణఖేడ్, జహీరాబాద్ తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి మెదక్ జిల్లాలో కలిశాయి. బీదర్, భాల్కి, హుమ్నాబాద్, ఔరాద్ మైసూరుకు. తాలూకాలు కూడా సాబూత్‌గా మిగల్లేదు. బీదర్ తాలూకాలోంచి న్యాల్కల్ సర్కిల్‌ను కోసి ఇటు ఇచ్చారు. జహీరాబాద్ తాలూకాలోంచి నిర్ణా సర్కిల్‌ను కోసి అటు ఇచ్చారు. దర్జీ బట్ట కత్తిరించినట్టు.

దాని ప్రకారం తెలుగువాళ్లకు తెలుగు రాష్ట్రం వచ్చింది. కన్నడిగులకు, మరాఠీలకు వాళ్ల వాళ్ల రాష్ట్రాలు వచ్చాయి. ఉర్దూకు ఏ తాలూకాలోనూ మెజారిటీ లేదు. ఆ భాష మాట్లాడేవాళ్లు మూడు చోట్లా మైనారిటీలుగా మిగిలారు. అంతకుముందు పాలకుల జబాన్‌గా అది అనుభవించిన దర్జా కూడా గుర్తుంచుకుని చెప్పుకోవాల్సిన సంగతి ఇది.

ఆ తర్వాత పేర్లు ఇంకెన్ని మారాయో లెక్కపెట్టాను. ఉద్గీర్ 1960లో మహారాష్ట్ర, 1982లో లాతూర్ జిల్లా. బీదర్ 1973లో కర్ణాటక. ఆ ప్రాంతాన్ని చాలాకాలం హైదరాబాద్-కర్ణాటక అన్నారు, 2019లో కల్యాణ కర్ణాటక అయింది. జహీరాబాద్ 2014లో తెలంగాణ, 2016లో సంగారెడ్డి జిల్లా. మా ఖాలా ఒకే ఇంట్లో ఉంటూ రెండు రాష్ట్రాలు, రెండు జిల్లాలు చూసింది. ఆమె అత్తగారు అదే ఇంట్లో మూడు రాష్ట్రాలు, మూడు జిల్లాలు చూసి పోయింది.

మూడో రోజు పొద్దున ఉద్గీర్‌కు బయల్దేరాం. భాల్కి, కమల్‌నగర్ మీదుగా 70 కిలోమీటర్ల దాకా. కమల్‌నగర్ దాటాక బోర్డులు నాగరి లిపిలోకి మారాయి. ఎర్రమట్టి పోయి నల్లరేగడి వచ్చింది. ఉద్గీర్ ఖిల్లా కనపడింది. 1760 ఫిబ్రవరిలో సదాశివరావ్ భావూ చేతిలో నిజాం ఫౌజ్ ఓడింది ఈ ఊరి దగ్గరే. ఆ గెలుపు ఉత్సాహంతోనే భావూ ఉత్తరానికి పోయాడు. మరుసటి ఏడు జనవరిలో పానిపట్టులో చనిపోయాడు.

నానీ మంచం మీద కూర్చుని ఉంది. తెల్ల చీర, చేతిలో తస్బీహ్. అమ్మీ సలాం చేసి కాళ్ల దగ్గర కూర్చుంది. ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడకుండా చేతులు పట్టుకుని ఉన్నారు. షీర్ ఖుర్మా అయ్యాక నేను బయాజ్ తీశాను. అన్న చేతిరాత చూసి ఆవిడ అట్ట మీద చెయ్యి పెట్టింది. "పఢ్ రే. జోర్ సే పఢ్" అంది. చెవులు మందం.

నేను చదువుతూ పోయాను. ప్రతి పేరుకూ ఆవిడ తల ఊపుతోంది. "హౌ, మేరీ ఖాలా." "హౌ, వో మోటే మామూ." నవ్వుతోంది. ఒక పేజీ దగ్గర నేను ఆగిపోయాను. ఉద్గీర్ తాలూకాలోని వాళ్ల సొంత ఊరి పేరు కింద వరసగా ఏడు పేర్లు. ఏడింటి పక్కనా మర్హూమ్ అని ఉంది. తారీఖ్ లేదు. నెల, సంవత్సరం మాత్రం ఉన్నాయి. ఆబాన్ 1357 ఫస్లీ.

ఫస్లీ అంటే నిజాం రియాసత్‌లో కచేరీలు వాడిన క్యాలెండర్. అక్టోబర్‌లో మొదలయ్యే సంవత్సరం. ఆబాన్ ఆఖరి నెల. 1357 ఆబాన్ అంటే 1948 సెప్టెంబర్.

1948 సెప్టెంబర్ 13న ఇండియన్ ఆర్మీ హైదరాబాద్‌లోకి వచ్చింది. ప్రధాన దళం మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి కింద షోలాపూర్ నుంచి కదిలింది. నల్‌దుర్గ్, హుమ్నాబాద్, జహీరాబాద్. అవును, మేం సేవయ్యల డబ్బాలు పెట్టుకుని వచ్చిన సడకే. 17న నిజాం లొంగిపోయాడు. 18న ఎల్ ఎద్రూస్ తన ఫౌజ్‌ను చౌధురికి అప్పగించాడు. దానికి ముందు ఏడాది పైగా రజాకార్లు ఊళ్ల మీద పడి చేసిన జుల్మ్ తెలిసిందే. వాళ్ల నాయకుడు ఖాసిం రజ్వీ ఈ పక్కనున్న లాతూర్‌లో వకీల్‌గా ఉన్నవాడే. ఇలాక విలీనం కావాలని రాసినందుకు ఇమ్రోజ్ పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్ వీధిలో చంపారు. ఆయన ముస్లిం జర్నలిస్టు. నేను కలం పట్టుకున్నప్పుడల్లా గుర్తుచేసుకునే పేరు అది.

రజాకార్ల హిసాబ్‌ను వాళ్లతో తేల్చుకోలేదు. ఊళ్లలో ఉన్న మామూలు ముస్లింల మీద తేల్చారు. ఆ ఏడాది చివర్లో ప్రధాని నెహ్రూ పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌లతో ఒక బృందాన్ని పంపించాడు. వాళ్లు ఊరూరా తిరిగారు. పోలీస్ యాక్షన్ సమయంలోనూ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని వాళ్ల అంచనా. అన్నిటికంటే ఎక్కువ నష్టపోయినవని నాలుగు జిల్లాల పేర్లు రాశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. అదే నివేదికలో ఇంకోటి కూడా ఉంది. హిందువులు తమ ప్రాణాల మీదికి తెచ్చుకుని ముస్లిం ఇరుగుపొరుగును కాపాడిన సంఘటనలు. ముఖ్యంగా నేతపనివాళ్లు తోటి నేతపనివాళ్లను కాపాడటం. చదివేవాళ్లు రెండూ చదవాలి.

నేను ఆ పేజీ తిప్పేద్దామనుకున్నాను. పండుగ పూట, పిల్లలు కూర్చుని ఉన్నారు. నానీ చెయ్యి ఎత్తింది. "కైకు రుకా? వో భీ పఢ్."

చదివాను. ఏడు పేర్లు. మొదటిది ఆవిడ అబ్బాది. రెండోది, మూడోది అన్నలవి. నానా మాత్రం ఆ రోజుల్లో బీదర్ కచేరీలో ఉండి బతికాడు. ఒక్కో పేరు తర్వాత ఆవిడ ఆగమని సైగ చేసింది, పెదవులు కదిపింది, మళ్లీ చదవమంది. అమ్మీ ఏడుస్తోంది. తన తాత ఎట్లా పోయాడో అమ్మీకి డెబ్భై ఏళ్లొచ్చినా ఎవరూ చెప్పలేదు. జ్వరంతో పోయాడనే తెలుసు.

తర్వాత నానీ కొంచెమే చెప్పింది. అప్పుడు ఆవిడకు పదేళ్లు. ఊరి పాటిల్ భార్య వచ్చి, ఆవిడనూ వాళ్ల అమ్మీనీ తీసుకుపోయి జొన్నల కొట్టులో పెట్టిందట. నాలుగు రోజులు. రాత్రిపూట భాకరీ, నీళ్లు. ఎవరైనా అడిగితే తన అక్క కూతురని చెప్పేందుకు నుదుట కుంకుమ పెట్టిందట. "అంతకుముందు ఎండాకాలంలో మనోళ్లు వచ్చి ఆమె మొగుడినే కొట్టిపోయిన్రు. అది కూడా రాసుకో" అంది నానీ. "వాణ్ని కొట్టింది మనోళ్లే. మమ్మల్ని దాచింది వాడి ఇంట్లోనే. రెండూ రాయి."

నేను జర్నలిస్టును. ఇరవై ఏళ్లుగా వందల మందిని మాట్లాడించాను. ఎడిటింగ్‌లో ఎవరూ నాకు ఇంతకంటే మంచి పాఠం చెప్పలేదు.

బయటికి వచ్చాక బిడ్డ అడిగింది. "అబ్బా, ఆబాన్ అంటే ఆ నెలేనా? మా బడిలో సెప్టెంబర్ 17న జెండా ఎగరేస్తారు కదా." అదే నెల అన్నాను. ఆ జెండా తప్పని నేను చెప్పలేదు, చెప్పను కూడా. నిజాం పోవడం, రైతుకు తన భాష, తన ఓటు రావడం ఖుషీ సంగతే. అదే వారంలో మన ఇంట్లో ఏడుగురు పోయారు. ఈ రెంటినీ ఒకే తలకాయలో పెట్టుకోగలిగే వయసు తనకొచ్చిందనిపించింది, అందుకే చెప్పాను.

తిరుగు ప్రయాణంలో అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు. హుమ్నాబాద్ దగ్గర చాయ్‌కి ఆగినప్పుడు మాత్రం అంది. "అబ్బాజాన్ అన్నిటి పక్కనా జిల్లా బీదర్ అని ఎందుకు రాసిండో ఇప్పుడు సమజైంది. వాళ్లు పోయినప్పుడు ఆ జిల్లాలోనే ఉన్నరు కదా." నేను దాన్ని పాత జమానా మీది మొహబ్బత్ అనుకున్నాను. పోయినవాళ్లకు అడ్రస్ మార్చకూడదని నానా అనుకున్నాడేమో. అమ్మీ మాటే నాకు ఎక్కువ సహీ అనిపించింది.

బయాజ్ ఇప్పుడు నా దగ్గరుంది. రోజూ రాత్రి రెండు పేజీలు తెలుగు లిపిలోకి రాస్తున్నాను. మాటలు ఉర్దూవే, అక్షరాలు తెలుగు. అది చూసి మామూ కొడుకు కన్నడ లిపిలోకి రాస్తానన్నాడు. ఉద్గీర్‌లో నానీ మనవరాలు టీచరు, తను నాగరిలోకి రాస్తుంది. బిడ్డకు ఆదివారం ఆదివారం అలిఫ్ బే మొదలుపెట్టాం. మూడు వారాలైంది. "జీమ్" దగ్గర ఉంది. పట్టుదల గల పిల్ల, బక్రీద్ నాటికి తన ముత్తాత పేరు తనే చదువుతుందని నా ఆశ, ఇన్షా అల్లా.

దోస్తులారా, మీ ఇళ్లలో కూడా అల్మారీల మీద ఇట్లాంటి ట్రంకులు ఉంటాయి. నిఖానామాలు, పహాణీలు, పాత ఖతాలు, చుట్టాల జాబితాలు. చదవరావడం లేదని కబాడీకి వేయకండి. మీ ఊళ్లో ఉర్దూ చదవగల ముసలాయన ఒక్కరైనా మిగిలి ఉంటారు. ముస్లిమే కానక్కర్లేదు. నిజాం జమానాలో చదువుకున్న పట్వారీల ఇళ్లలో, బ్రాహ్మణ, రెడ్డి వకీళ్ల ఇళ్లలో కూడా ఆ లిపి వచ్చినవాళ్లు ఉండేవారు. వాళ్ల దగ్గరికి పోయి, కూర్చుని, చదివించుకోండి. వచ్చే సెలవులకు ఎక్కడికి పోదామా అని ఆలోచిస్తుంటే, ముందు మీ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లు ఏ ఊళ్లో ఉన్నారో చూసి, అటే బండి తిప్పండి.